మాస్కో వయా ఆలమూరు

ఆలమూరు కోనసీమలో ఉందా, లేదా? మా అమ్మవైపు చుట్టాల మధ్య ఈ ప్రశ్న పడేస్తే రాత్రి భోజనాల దాకా పంచాయితీ నడుస్తుంది. కాగితం ప్రకారం ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఆలమూరు మండలం కోనసీమ జిల్లాలోకి వెళ్లింది. నదిని అడిగితే మాత్రం లేదంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని చీలుతుంది కదా, ఆ రెండు పాయల మధ్య ఉన్నదే అసలు సిసలు కోనసీమ అని అటువైపు వాళ్ల వాదన. మా ఆలమూరేమో గౌతమికి ఇవతలి గట్టున, తూర్పు డెల్టాలో ఉంది. వంతెన దాటకుండానే వచ్చేసే కోనసీమ అన్నమాట.

దారి చెప్తాను. రాజమండ్రిలో రైలు దిగి హైవే ఎక్కితే వేమగిరి దాటాక కడియపులంక నర్సరీలు మొదలవుతాయి. రోడ్డుకి రెండువైపులా బంతి, గులాబి, క్రోటన్లు, కుండీల్లో మరుగుజ్జు మామిళ్లు. అందరూ ఫొటోలు దిగేది అక్కడే. ఇంకాస్త ముందుకెళ్తే జొన్నాడ. అక్కడ హైవే గౌతమి వంతెన ఎక్కి రావులపాలెం వెళ్లిపోతుంది. మీరు ఎక్కకండి. వంతెనకి ముందే దిగిపోయి, ఎడమవైపు వెళ్లే ఆటో పట్టుకోండి. వరి, అరటి, కొబ్బరి, మళ్లీ వరి. ఊరొచ్చేస్తుంది.

రీల్స్‌లో చూసే కోనసీమ ఇక్కడ దొరకదు. డ్రోన్ ఎగరేయడానికి పేరున్న స్పాట్ లేదు. పూతరేకులు కావాలంటే నది దాటి ఆత్రేయపురం వెళ్లాలి, కాజాలు కావాలంటే ఇటు తాపేశ్వరం. మరి ఆలమూరుకి జనం ఎందుకొస్తారంటే, సంతకాలకి. ఇక్కడ కోర్టు ఉంది, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది. ఒకప్పుడు ఊరి పేరు మీద అసెంబ్లీ సీటు కూడా ఉండేది. పునర్విభజనలో అది పోయి, 2009 ఎన్నికల నుంచి మండలం కొత్తపేట సీటులో కలిసింది. సీటు పోయినా స్టాంపు కాగితాలు పోలేదు. చుట్టుపక్కల పల్లెల్లో అన్నదమ్ములు విడిపోవాలన్నా, పొలం అమ్మాలన్నా, కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరం రాయాలన్నా ఇక్కడికే రావాలి.

మొన్న కార్తీకంలో మేమూ సంతకం పనిమీదే వెళ్లామని నాకు ఊళ్లో దిగేదాకా తెలీదు. తాతయ్య సంవత్సరీకం అని చెప్పారు. వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని, లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని అమ్మతో బయల్దేరాను. మండపేట నుంచి దొడ్డమ్మ, విశాఖపట్నం నుంచి పిన్ని వచ్చారు. మావయ్య, అత్తయ్య ఉండేది ఆ ఇంట్లోనే.

ఇల్లు పెంకుటిల్లు. ముందు పెద్ద అరుగు, లోపల నాలుగు గదులు, వెనక దొడ్లో కొబ్బరిచెట్లు. ముత్తాత కట్టించింది. సిగ్నల్ కావాలంటే మేడ కూడా లేదు, దొడ్డి చివర నుయ్యి దగ్గరకి వెళ్లి నిలబడాలి. పొద్దున్న టీమ్ మీటింగు అక్కడే నడిపాను. మా మేనేజరు వెనక కనిపించే పచ్చదనం చూసి, వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ బాగుందన్నాడు.

మీటింగు అయ్యాక చూశాను. కొబ్బరిచెట్ల మొదళ్ల మీద ఎర్ర పెయింటుతో అంకెలు. 1 నుంచి 27 దాకా. పిన్ని కూడా అప్పటికే చూసినట్టుంది. నుయ్యి చప్టా మీద కూర్చుని 14వ నంబరు చెట్టుకేసి చూస్తోంది. "ఇది నేను పుట్టినప్పుడు పాతింది" అంది. అంతే. లోపలికెళ్లి ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ రోజు తద్దినం. బ్రాహ్మడు, భోక్తలు, గారెలు, ఊళ్లోవాళ్ల భోజనాలు. అంకెల సంగతి ఎవరూ ఎత్తలేదు, అందరికీ తెలిసిపోయిందని మాత్రం అందరికీ తెలుస్తోంది.

రాత్రి సినిమా ఎలా మొదలైందంటే, తాతయ్య బీరువా వల్ల. ఆయన మాస్టారు కాదు, లీడరూ కాదు, మామూలు రైతు. కానీ ఊళ్లోకి విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వచ్చిందంటే పర్సు తీసేవారట. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు అప్పట్లో బాగా చవక. తెల్లటి కాగితం, గట్టి అట్ట, ప్రగతి ప్రచురణాలయం, రాదుగ ప్రచురణాలయం అని లోపలి పేజీలో ముద్ర. వాటిని అనువాదం చెయ్యడానికి ఉప్పల లక్ష్మణరావు గారిలాంటి తెలుగువాళ్లు మాస్కో వెళ్లి ఏళ్లకేళ్లు ఉన్నారు. ఇంజినీరింగ్ చదివేటప్పుడు సెలవులకొచ్చి ఆ బీరువాలోనే నేను చెకోవ్ కథలు చదివాను. తర్వాత ఆయన నాటకాలు ఇంగ్లీషులో దొరికాయి. 'ముగ్గురు అక్కచెల్లెళ్లు' మీద తీసిన పాత రష్యన్ సినిమా లాప్‌టాప్‌లో దాచుకున్నాను, ఎప్పుడైనా చూద్దామని. మన 'ఎప్పుడైనా' సంగతి మీకు తెలుసుగా.

ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. టీవీ రీచార్జి అయిపోయింది. "నీ డబ్బాలో ఏదన్నా ఉంటే పెట్టవే" అంది దొడ్డమ్మ. పేరు చెప్పగానే ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "మన మీద రష్యావాళ్లు సినిమా తీశారా?" అంది పిన్ని. కేబులు టీవీకి తగిలించాను. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో ఉంటే నేను తెలుగులో చదువుతూ పోయాను. మాట పడని చోట ఆపి, కథ చెప్పి, మళ్లీ నడిపాను. గంటా యాభై నిమిషాల సినిమా మాకు మూడున్నర గంటలు పట్టింది.

సినిమా 1964లోది, నలుపు తెలుపు. తీసింది సామ్సన్ సామ్సనోవ్. ఆయనకి చెకోవ్ కొత్త కాదు, తన మొదటి సినిమా కూడా చెకోవ్ కథే. అది 1955లో వెనిస్ పండగలో బహుమతి కొట్టింది. ఇందులో పెద్దక్క ఓల్గాగా ల్యుబోవ్ సొకొలోవా, నడిపామె మాషాగా మార్గరీటా వొలోదినా, చిన్నది ఇరీనాగా తాత్యానా మల్చెంకో వేశారు. తండ్రి సైన్యంలో జనరల్. మాస్కో నుంచి బదిలీ మీద పిల్లల్ని ఓ చిన్న ఊరికి తెచ్చి, అక్కడే పోయాడు. కథ మొదలయ్యేది ఆయన పోయిన ఏడాదికి, సరిగ్గా అదే రోజున.

"అంటే సంవత్సరీకం" అంది అమ్మ.

ఓల్గా బళ్లో పాఠాలు చెప్పీ చెప్పీ తలనొప్పి తెచ్చుకుంటుంది. మాషాకి పద్దెనిమిదేళ్లకే ఓ మాస్టారితో పెళ్లి చేసేశారు. అప్పుడు ఆయన లోకంలోకెల్లా తెలివైనవాడిలా కనిపించాడు, ఇప్పుడు కనిపించడం లేదు. ఇరీనాకి ఉద్యోగం చెయ్యాలని ఆశ, చేశాక విసుగు. ఒక్కడే అన్నదమ్ముడు ఆంద్రే. వాడు మాస్కో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అవుతాడని ఇంటిల్లిపాదీ లెక్క. నతాషా అనే అమ్మాయిని పెళ్లి చేసుకుని, పేకాటలో పడి, ఊళ్లోని ఆఫీసులో చిన్న ఉద్యోగంతో మిగిలిపోతాడు. ముగ్గురూ మొదటి నుంచి చివరి దాకా కలవరించేది ఒక్కటే: మాస్కో వెళ్లిపోవాలి.

ఈ నాటకం గురించి ఇంటర్నెట్‌లో ఎవరు రాసినా మాస్కో అంటే నెరవేరని కల అనో, మహానగరం మీద మోజు అనో రాస్తారు. మా ఆఫీసులో నలుగురిని అడిగినా అదే చెప్తారు. వాళ్లకి మాస్కో అంటే హైదరాబాదు, ఆ తర్వాత డల్లాస్. ఇంతకీ రైలు టిక్కెట్టు కొనుక్కుని వెళ్లిపోవచ్చు కదా, ఎవరాపారు అనేది ఈ కాలం వాళ్ల మొదటి డౌటు.

సినిమాలో వెర్షినిన్ అనే మిలిటరీ ఆఫీసరు వస్తాడు. మాస్కో నుంచి వచ్చాడని తెలియగానే అక్కచెల్లెళ్ల మొహాలు వెలిగిపోతాయి. నాటకంలో వాళ్లు వీధి పేరుతో సహా చెప్తారు, తాము పుట్టింది పాత బాస్మన్నయా వీధిలో అని. అక్కడ ఆపి ఆ మాట చెప్పాను. అమ్మ వెంటనే అంది: "అయితే అది వాళ్ల పుట్టిల్లు కదే. సిటీ మీద సరదా అంటావేంటి?"

దొడ్డమ్మ, పిన్ని ఏమీ అనలేదు. అనక్కర్లేదు. కూకట్‌పల్లి రైతుబజార్లో ఓసారి అరటికాయలమ్మే ఆయన మాట తీరు చూసి, "మీదే ఊరండి?" అని అమ్మ అడిగింది. "జొన్నాడండి, ఆయ్" అన్నాడు. అమ్మ ఆయన దగ్గర అక్కర్లేని రెండు డజన్లు కొని, ఎండలో అరగంట నిలబడి, ఏ రేవు ఎలా ఉంది, ఎవరి చెరువు పూడ్చేశారు అని అడిగి తెలుసుకుంది. నేను ఫోన్ చూసుకుంటూ పక్కన నిలబడ్డాను. వెర్షినిన్ వచ్చిన సీను తెర మీద చూస్తుంటే నాకు ఆ అరటికాయలే గుర్తొచ్చాయి.

మన దగ్గర ఈ కథ తిరగబడి ఉంటుంది. రష్యాలో అక్కచెల్లెళ్లు కదల్లేకపోయారు. ఇక్కడ అక్కచెల్లెళ్లని కదపడం ఎవరికీ కష్టం కాలేదు. ముహూర్తం పెట్టి, సారె కట్టి, బస్సెక్కించి పంపేశారు. మండపేట, హైదరాబాదు, విశాఖపట్నం. వెళ్లిపోయిన చోటి నుంచి ముగ్గురూ కలవరించేది నాలుగు గదుల పెంకుటింటి గురించి. టిక్కెట్టు కొనుక్కుని వచ్చేయొచ్చు, నిజమే. రాజమండ్రి దాకా రైలు రోజూ ఉంది. కానీ వచ్చి ఎవరింట్లో దిగాలి?

చెకోవ్‌కి కూడా ఈ బాధ తెలుసు. 1900లో ఈ నాటకం రాసేనాటికి ఆయన క్షయతో యాల్టాలో ఉంటున్నాడు. ఆ జబ్బుకి మాస్కో చలి పడదన్నారు డాక్టర్లు. 1901 జనవరి 31న మాస్కో ఆర్ట్ థియేటర్‌లో మొదటి ప్రదర్శన జరిగినప్పుడు ఆయన ఆ ఊళ్లోనే లేడు. మాషా వేషం వేసిన ఓల్గా క్నిప్పర్‌ని అదే ఏడాది పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయ్యాక కూడా ఆవిడ నాటకాలతో మాస్కోలో, ఈయన దగ్గుతో యాల్టాలో.

సగం సినిమా అయ్యేసరికి అందరికీ టీలొచ్చాయి. అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. కూర్చోమంటే కూర్చోదు. నాటకంలో ఓ సంగతి ఉంది, తండ్రి ఆ ముగ్గురికీ పట్టుబట్టి ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు నేర్పిస్తాడు. చిన్నదానికి ఇటాలియన్ కూడా. ఆ ఊళ్లో వాటితో మాట్లాడ్డానికి మనిషి లేడు. మాషాకి ఆ చదువు చేతికి మొలిచిన ఆరో వేలులా అనిపిస్తుంది. ఇది చెప్పగానే పిన్ని పకపకా నవ్వింది. తాతయ్య ఈ ముగ్గురి చేతా దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు రాయించారు. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష. దొడ్డమ్మ ప్రవీణ దాకా వెళ్లింది. అప్పటి ఆలమూరులో హిందీ ఎవరితో మాట్లాడాలి? గేదెతో మాట్లాడేవాళ్లట. అమ్మకి ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పనికొస్తోంది, లిఫ్టులో కనిపించే బీహారు ఆవిడతో గంటలు గంటలు. ఇరీనా ఓచోట ఇటాలియన్లో కిటికీనేమంటారో, ఇంటి కప్పునేమంటారో మర్చిపోయానని ఏడుస్తుంది. "కప్పుని హిందీలో ఏమంటారక్కా?" అంది పిన్ని. దొడ్డమ్మ పైన పెంకుల్లోకి చూసి, "ఛత్" అంది, బళ్లో అడిగినంత టక్కున.

నతాషా దగ్గరికొచ్చాక కొంచెం ఇబ్బందైంది. సినిమాలో ఆవిడ విలన్. కోడలిగా వచ్చి ఒక్కో గది పట్టుకుంటుంది. బాబుకి ఎండ తగిలే గది కావాలని ఇరీనాని ఓల్గా గదిలోకి సర్దేస్తుంది. ముసలి దాదిని వెళ్లగొట్టమంటుంది. నాటకం చివర్లో చెట్ల వరస నరికించేస్తానంటుంది. నేను సబ్‌టైటిల్స్ మెత్తగా చదవడం మొదలుపెట్టాను. గుమ్మం దగ్గర అత్తయ్య కదల్లేదు. దొడ్డమ్మకి నా తంటా అర్థమైనట్టుంది. "ఈ పిల్ల మొదట అలా లేదు కదే. భయపడుతూ వచ్చింది. వాళ్లే నవ్వుకున్నారు" అంది. అది నిజం కూడా. నాటకంలో నతాషా మొదటిరోజు గులాబిరంగు గౌనుకి ఆకుపచ్చ బెల్టు పెట్టుకొస్తే, ఓల్గా అది బాగా లేదని మొహం మీదే చెప్తుంది. ఆ సంగతి చెప్పాను. అత్తయ్య మొదటిసారి నోరు విప్పింది: "నేనొచ్చిన కొత్తలో మీరు నా జడగంటలు చూసి నవ్వలేదాండి?" దొడ్డమ్మ నవ్వింది. "నవ్వాం" అని ఒప్పేసుకుంది. అత్తయ్య వచ్చి చాప చివర కూర్చుంది.

మూడో భాగంలో ఊరు తగలబడుతుంది. సర్వం పోయినవాళ్లు వీళ్లింటికి వస్తే ఓల్గా బీరువాలో బట్టలన్నీ తీసి ఇచ్చేస్తుంది. ఇక్కడ సినిమా ఆగిపోయింది, నేనాపలేదు, వాళ్లే ఆపించారు. 1986 ఆగస్టు వరద. ఆలమూరు మండలంలోనే బడుగువానిలంక లాంటి ఊళ్లు ఉన్నాయి, పేరులోనే లంక. గోదావరి కన్నెర్ర చేస్తే ముందు మునిగేవి అవే. ఆ ఏడు వచ్చిన వరద గురించి గోదావరి జిల్లాల్లో అరవై దాటినవాళ్లెవరిని కదిపినా చెప్తారు. దొడ్డమ్మకి అప్పటికి పెళ్లై ఏడాది దాటింది, శ్రావణానికి పుట్టింటికొచ్చి ఉంది. అరుగు మీద, వసారాలో, గొడ్లచావిట్లో, ఎక్కడ చూసినా లంకల నుంచి వచ్చిన జనం. అమ్మమ్మ గాబులతో గంజి కాచింది. పెళ్లికి పెట్టిన చీరల్లో కట్టనివి ఐదుంటే దొడ్డమ్మ నాలుగు ఇచ్చేసింది. "ఐదోది?" అన్నాను. "అది నాకిష్టం" అంది. ఓల్గా కన్నా మా దొడ్డమ్మే నాకు నచ్చింది.

మావయ్య వరదప్పుడు పదహారేళ్లవాడు. నీళ్లలో దిగి పసిపిల్లల్ని భుజాన మోసుకొచ్చాడట. ఈ మాట అంటున్నప్పుడు అందరి తలలూ అరుగు వైపు తిరిగాయి. ఆయన బయట కుర్చీలో, చీకట్లో ఉన్నాడు. సినిమా చూడ్డానికి రాలేదు, పడుకోడానికీ వెళ్లలేదు.

తర్వాత ఆ సీను. ఆంద్రే అక్కచెల్లెళ్ల ఎదుట నిలబడి ఒప్పుకుంటాడు. ఇల్లు నలుగురిదీ, తానొక్కడిది కాదు. అయినా అప్పులు తీర్చడానికి వాళ్లకి చెప్పకుండా తాకట్టు పెట్టేశాడు. పైగా ఆడపిల్లలకి నాన్న పెన్షన్ వస్తోంది, తనకి ఏమీ రాదు అని సాకు. నేను చదువుతుంటే నా గొంతు నాకే వినిపిస్తోంది, ఇల్లంతా అంత నిశ్శబ్దం.

పిన్ని అరుగు వైపు చూసి, గట్టిగా, "వీడు కనీసం చెప్పాడు" అంది.

మావయ్య లోపలికొచ్చాడు. తెర మీద ఆంద్రే అలాగే నోరు తెరిచి ఆగిపోయి ఉన్నాడు, నేను స్పేస్‌బార్ నొక్కేశాను. బయానా తీసుకున్నానని చెప్పాడు. దొడ్డి మొత్తం ప్లాట్లు వేసేవాళ్లకి. చెట్లు లెక్కపెట్టింది వాళ్లే. కొబ్బరి వ్యాపారంలో పోయింది, కౌలుకి పట్టిన చేలో పోయింది, తాతయ్య చివరి రెండేళ్ల ఆసుపత్రి ఖర్చు. ఇంతకీ ముగ్గురి సంతకాలూ కావాలి. హక్కు విడుదల పత్రం అప్పటికే రాయించి పెట్టాడు. "మీకు తలా ఓ జీతమో పెన్షనో ఉంది. నాకేముందక్కా? నాన్నని ఎత్తి కూర్చోబెట్టింది నేను. సంతకం పెట్టండి. ఇల్లెక్కడికీ పోదు, ఎప్పుడొచ్చినా మీ ఇల్లే" అన్నాడు.

ఆయన అబద్ధం ఆడలేదు. గ్రూప్స్ రాసి పెద్ద ఆఫీసరు అవుతాడని ఇంట్లో అందరూ అనుకున్నవాడు. నాలుగుసార్లు రాశాడు. తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. తాతయ్య మంచాన పడ్డ రెండేళ్లూ రోజూ దుప్పటి మార్చింది ఆయనే, అత్తయ్యే. మేం వీడియో కాల్‌లో చూశాం. ఆయన్ని చూస్తే జాలేస్తుంది. జాలి ఒకటి, సంతకం ఒకటి.

మన వైపు ఆడపిల్లలకి చిన్నప్పటి నుంచి చెప్పకుండానే తెలిసే లెక్క ఒకటుంది. వాటా అడిగితే వాటా వస్తుందేమో గానీ పుట్టిల్లు పోతుంది. సంక్రాంతికి పిలుపు ఆగిపోతుంది. అందుకే కళ్లనీళ్లు తుడుచుకుని, చీర పెట్టించుకుని, సంతకం పెట్టేస్తారు. చట్టం మాత్రం ఎప్పటి నుంచో వేరే పాట పాడుతోంది. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే, వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన సొంత వాటాలో కొడుకుతోపాటు కూతురికీ సమాన భాగం. పుట్టుకతో వచ్చే ఉమ్మడి ఆస్తి హక్కు కూతుళ్లకి ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో మనదొకటి. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఓ మెలిక: ఆ తేదీకి ముందే పెళ్లైపోయిన కూతుళ్లకి వర్తించదు. దొడ్డమ్మ పెళ్లి 1985 మేలో. నాలుగు నెలల తేడాతో చెల్లెళ్లిద్దరికీ ఉన్న హక్కు ఆవిడకి లేకుండా పోయింది. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించాక ఈ పెళ్లి మెలిక పోయింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అనేదానితో పనిలేదని తేల్చింది. నేను ఇదంతా నుయ్యి దగ్గర సిగ్నల్లో నిలబడి చదివొచ్చి చెప్పాను. దొడ్డమ్మ విని, "సెప్టెంబరు 5 గురుపూజోత్సవం కదే, ప్రతి ఏడూ దండలు వేయించుకున్నాను" అంది.

మిగతా సినిమా మర్నాడు రాత్రి చూశాం. ఇరీనాని పెళ్లి చేసుకోవాల్సినవాడు ద్వంద్వయుద్ధంలో చచ్చిపోతాడు. సైన్యం బ్యాండు వాయించుకుంటూ ఊరు వదిలి వెళ్లిపోతుంది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని నిలబడతారు. మాస్కో వెళ్లలేదు. ఇల్లూ లేదు. ఓల్గా హెడ్‌మిస్ట్రెస్‌గా బళ్లో గదిలో ఉంటోంది, మాషా ఆ ఇంట్లో ఇక అడుగుపెట్టనంటుంది. "ఒక్కళ్లు కూడా కాగితం చూపించమని అడగలేదేమే?" అంది అమ్మ. ఇన్నేళ్లలో ఇంత మంది రాసిన సినిమా రివ్యూల్లో నాకు ఈ ప్రశ్న కనిపించలేదు.

అమ్మ అడిగింది. పొద్దున్నే మావయ్య దగ్గర కూర్చుని, కోపం లేకుండా, కాగితాలన్నీ తెమ్మంది. బయానా రసీదు, అప్పుపత్రాలు, ఆసుపత్రి బిల్లులు. నేను లాప్‌టాప్‌లో షీటు తెరిచి వరసగా కొట్టాను. ఆసుపత్రి బిల్లులు కూడితే పిన్ని కళ్లు పెద్దవయ్యాయి, వాటిలో మేం పంపినవి పాతిక వంతు కూడా లేవు. మొత్తం తేలాక లెక్క దొడ్డి అంతా అడగలేదు. రోడ్డు వైపు సగం అమ్మితే అప్పులు తీరతాయి, ఆసుపత్రి ఖర్చు మావయ్యకి తిరిగొస్తుంది. మిగిలిన సగం, ఇల్లు నలుగురి పేరా ఉండాలి. ఉండేది మావయ్యే, అద్దె లేదు, ఏమీ లేదు. అమ్మాలంటే మాత్రం నలుగురూ సంతకం పెట్టాలి. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. "నామీద నమ్మకం లేదన్నమాట" అన్నాడు చివరికి. "నీమీద ఉందిరా. కాగితం మీదే లేదు" అంది దొడ్డమ్మ. అత్తయ్య ఆ మధ్యాహ్నం అన్నం పెట్టింది గానీ మాతో కూర్చుని తినలేదు. చాప చివర కూర్చున్న మనిషి మళ్లీ గుమ్మం దగ్గరికి వెళ్లిపోయింది.

శుక్రవారం రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసే ఆయన బల్ల ముందు అందరం కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఎవరో అక్కాతమ్ముళ్లు, ఆవిడ చేతిలో కొత్త చీర కవరు. మా ఆయన పాత విడుదల పత్రం పక్కన పెట్టి, కంప్యూటర్లో కొత్త పంపక పత్రం తెరిచి, అలవాటు కొద్దీ, "ముందు అబ్బాయి గారి పేరు రాసి, ఆడపిల్లల పేర్లు కింద వేస్తానండి" అన్నాడు.

"పుట్టిన వరసలో రాయండి" అంది దొడ్డమ్మ.

ఆయన మావయ్య వైపు చూశాడు. మావయ్య జేబులోంచి నాలుగు ఆధార్ కాపీలు తీసి, బల్ల మీద సర్దాడు. దొడ్డమ్మది పైన, దాని కింద అమ్మది, తర్వాత తనది, ఆఖర్న పిన్నిది.